నాటక రచనకు ఫెలోషిప్పు: దరఖాస్తు చేసే తీరు

కావ్యాలన్నింటిలోను నాటకమే రమ్యమైనదని పూర్వులు చెప్పిన మాటను మన విద్యార్థులు ఏటేటా పరీక్షలలో వ్రాసి మార్కులు తెచ్చుకుంటూనే ఉన్నారు. అయితే ఆ నాటకాన్ని వ్రాసే మనిషి ఏమి తిని వ్రాయాలి, ఎవరి కొలువులో ఉండి వ్రాయాలి, ఎంత తీరిక దొరికితే వ్రాయగలడు అన్న ప్రశ్న మాత్రం ఏ ప్రశ్నపత్రంలోను కనిపించదు. ఆ ప్రశ్నకు గల సమాధానాలలో ఒకటి ఫెలోషిప్పు. దానిని గురించి మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులకు నాలుగు మాటలు తెలియజేయడమే ఈ వ్యాసం ముఖ్యోద్దేశం. తెలిసినవాడిగా కాక, ఒకసారి తెలియక తప్పు చేసినవాడిగా వ్రాస్తున్నాను. కనుక ముందుగా ఆ తప్పు చెప్పి, తరువాత విషయంలోకి వెళ్లడం న్యాయం.

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంతటి నీటిని ఈ ప్రాంతం చూడలేదు. ఆ ఏడు చలికాలంలో నా విద్యార్థి ఒకడు ముప్ఫై పుటల వ్రాతప్రతి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. దుమ్ముగూడెం వైపు వారపు సంతలలో బట్టలు అమ్ముకునే కుటుంబం వారిది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, సంతలో కోయ మాట వింటూ పెరిగినవాడు. అతని నాటకం జరిగే చోటు మెట్ట మీది ఒక బడి; వరద బాధితుల శిబిరం. అందులో ఒక కోయ వృద్ధురాలు, ఒక సంత వ్యాపారి, ఒక పంతులు, చంటిబిడ్డతో ఒక కోడలు ఉంటారు. మూడు అంకాలకు అతడు పెట్టిన పేర్లు: నలభై మూడు, నలభై ఎనిమిది, యాభై మూడు.

“ఇదేమిటి బేటా, అంకాలకు అంకెలు పెట్టావు?” అని అడిగాను.

“మా వైపు చిన్నపిల్లలకు గూడ తెలుసు సార్. నలభై మూడంటే సామాను సర్దుకోవాలి. నలభై ఎనిమిదంటే పశువులను విప్పాలి. యాభై మూడంటే ఇల్లు వదలాలి” అన్నాడు.

భద్రాచలం వద్ద గోదావరికి ప్రకటించే మూడు ప్రమాద హెచ్చరికల మట్టాలు అవి. వరద పెరిగినకొద్దీ నాటకమూ పెరుగుతుంది. అంతకన్న సహజమైన కథానిర్మాణం మరొకటి ఉండదని ఈనాడు నాకు తెలుసు. ఆనాడు తెలియలేదు. అంకెలు కొట్టివేసి ప్రథమాంకము, ద్వితీయాంకము అని వ్రాయించాను. వృద్ధురాలి నోట పుస్తక భాష పెట్టించాను. ముందు రెండు పుటల ఉపోద్ఘాతం చేర్పించాను. అంతటితో ఆగక, యువకళాకారుల ప్రోత్సాహానికి ఉద్దేశించిన ఒక ప్రకటన చూసి, నియమావళి పూర్తిగా చదవకుండానే దరఖాస్తు పంపించాను. ఆ పథకంలో రంగస్థలం ఉన్నది కాని, నాటక రచన లేదు. ఆ సంగతి నియమావళిలో స్పష్టంగా ఉన్నది. అర్హత లేదని జవాబు వచ్చింది. “పర్వాలేదు సార్” అని అతడు వ్రాతప్రతి తీసుకుపోయాడు. ఇప్పుడు తండ్రితోపాటు సంతలు తిరుగుతున్నాడు. ఆ దోషం పంపించుకున్న మాదే కాని, తిరస్కరించినవారిది కాదు. మాలో కూడ అతనిది కాదు, నాది.

ఫెలోషిప్పు అంటే ఏమిటి?

బహుమతి, స్కాలర్‌షిప్పు, ఫెలోషిప్పు అనే మూడింటిని మనం ఒకటిగానే భావిస్తుంటాము. పూర్తయిన నాటకానికి ఇచ్చేది బహుమతి. నేర్చుకోవడానికి ఇచ్చేది స్కాలర్‌షిప్పు. ఇంకా పూర్తికాని పనిని నమ్మి, ఆ పని చేసే మనిషికి కాలాన్ని ఇచ్చేది ఫెలోషిప్పు. డబ్బు రూపంలో ఇచ్చినా నిజానికి ఇచ్చేది తీరికనే.

ఈ భావం మనకు క్రొత్తది కాదు. గురజాడ అప్పారావుగారు విజయనగర సంస్థానం కొలువులో ఉండి ‘కన్యాశుల్కం’ వ్రాశారు. అది 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయింది. పన్నెండేళ్ల తరువాత, 1909లో, దాదాపు క్రొత్త నాటకమా అన్నట్లు పెంచి, మార్చి, రెండవ కూర్పు వెలువరించారు. మనం నేడు చదివే నాటకం ఆ రెండవదే. సంస్థానం ఇచ్చిన ఆదరణ ఒక ఎత్తు; తాను వ్రాసినదానిని తానే తిరిగి దిద్దుకున్న ఓపిక మరొక ఎత్తు.

ఆధునిక కాలంలో గిరీశ్ కర్నాడ్ 1963 నుండి 1970 వరకు మద్రాసులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌లో ఉద్యోగం చేశారు. దానిని విడిచి 1970-72 మధ్య హోమీ భాభా ఫెలోషిప్పు పొందారు. యక్షగాన సంప్రదాయపు పోకడలతో నిర్మించిన ‘హయవదన’ ఆ కాలంలోనే, 1971లో వచ్చింది. కలకత్తాలో పట్టణ ప్రణాళికా ఇంజనీరుగా పనిచేసిన బాదల్ సర్కార్‌కు 1971లో జవహర్‌లాల్ నెహ్రూ ఫెలోషిప్పు లభించింది. పల్లె నాటకానికి, పట్నపు నాటకానికి నడుమ వంతెన కట్టడం ఆయన ఎంచుకున్న అంశం. తెరలు, దీపాలు, టిక్కెట్లు లేకుండా ప్రేక్షకుల నడుమనే ఆడే ‘మూడవ రంగస్థలం’ అనే ఆయన ఆలోచన ఆ బాటలోనే రూపుదిద్దుకున్నది.

ఇక అమెరికాలో ఆగస్టు విల్సన్ ఉదంతం మన విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది. పదిహేనవ ఏట బడి మానివేసి, ఊరి గ్రంథాలయంలో చదువుకున్న నల్లజాతి రచయిత ఆయన. మినియాపొలిస్‌లోని నాటక రచయితల కేంద్రం 1980లో ఆయనకు జెరోమ్ ఫెలోషిప్పు ఇచ్చింది. పేరుపొందిన ఓనీల్ నాటక రచయితల సమావేశం ఆయన రచనలను మొదట తిరస్కరించి, 1982లో ‘మా రెయినీస్ బ్లాక్ బాటమ్’ను స్వీకరించింది. తరువాత ఆయన ఇరవయ్యవ శతాబ్దంలోని ఒక్కొక్క దశాబ్దానికి ఒకటి చొప్పున పది నాటకాలు వ్రాశారు. వాటిలో తొమ్మిది ఆయన పుట్టి పెరిగిన పిట్స్‌బర్గు నగరంలోనే జరుగుతాయి. సొంత వాడను వదలకుండా ప్రపంచమంతటికీ వినిపించవచ్చునని దీనివలన తెలుస్తున్నది.

ఫెలోషిప్పు లేనిదే నాటకం పుట్టదని మాత్రం ఎవరూ అనుకోరాదు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు తెలంగాణ రైతుల పోరాటంపై వ్రాసిన ‘మా భూమి’ని పోషించినది ప్రజా ఉద్యమమే, ఆనాటి మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది కూడ. పిఠాపురంలో ఉమర్ అలీషా (1885-1945) ముస్లిం కుటుంబంలో పుట్టి తెలుగులో పద్యకావ్యాలతోపాటు నాటకాలు కూడ రచించారు. నాటక రచన మనది కాదేమో అని సంకోచించే మన విద్యార్థులకు ఆ ఒక్క పేరు చాలును.

మనకు అందుబాటులో ఉన్నవి

మొదటిది, భారత ప్రభుత్వ సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ఇచ్చే జూనియర్, సీనియర్ ఫెలోషిప్పులు. వీటి నిర్వహణ సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం ద్వారా జరుగుతుంది. ఇటీవలి నియమావళి ప్రకారం జూనియర్ ఫెలోషిప్పుకు 25 నుండి 40 సంవత్సరాల వయస్సు, నెలకు 10,000 రూపాయలు. సీనియరుకు 40 దాటిన వయస్సు, నెలకు 20,000 రూపాయలు. రెండింటికీ కాలపరిమితి రెండు సంవత్సరాలు. సొమ్ము ఆరు నెలల వాయిదాలలో వస్తుంది. పని జరిగినట్లు నివేదిక పంపితేనే తరువాతి వాయిదా.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. శిక్షణ ఇవ్వడానికిగాని, సదస్సులు జరపడానికిగాని, ఆత్మకథలు, కల్పిత రచనలు వ్రాయడానికిగాని ఈ ఫెలోషిప్పు ఉద్దేశింపబడలేదని నియమం. ఇది పరిశోధనాత్మకమైన పనికి ఇచ్చేది. కాబట్టి “నేనొక నాటకం వ్రాస్తాను” అని పంపితే ప్రయోజనం లేదు. “కోయల డోలి కథాగానంలో కథ నడిచే పద్ధతిని పరిశీలించి, అది తెలుగు రంగస్థలానికి ఎట్లా ఉపయోగపడునో నిరూపిస్తాను” అంటే అది పరిశోధన. ఆ పరిశోధన నుండి నాటకం తరువాత తనంతట తాను పుడుతుంది. సర్కార్ ఫెలోషిప్పు కోసం ప్రతిపాదించినది కూడ ఒక నాటకం కాదు, ఒక అన్వేషణ.

రెండవది, 18 నుండి 25 సంవత్సరాలవారికి అదే మంత్రిత్వ శాఖ ఇచ్చే యువకళాకారుల స్కాలర్‌షిప్పు. నటన, దర్శకత్వం నేర్చుకోగోరేవారికి ఇది మేలైనది. నాటక రచన, పరిశోధన దీని పరిధిలోకి రావని నియమావళిలోనే వ్రాసి ఉన్నది.

మూడవది, యువ రచయితలకై 2021లో ప్రారంభమైన ప్రధానమంత్రి యువ పథకం. నేషనల్ బుక్ ట్రస్టు దీనిని నిర్వహించింది. ఆ మొదటి విడతలో 30 సంవత్సరాల లోపు రచయితలు 75 మందిని ఎన్నిక చేసి, ఆరు నెలలపాటు నెలకు 50,000 రూపాయలు ఇచ్చారు. స్వాతంత్ర్యోద్యమం అంశం, ప్రక్రియలలో నాటకం కూడ ఉన్నది, తెలుగులోనే వ్రాయవచ్చును. తరువాతి విడతలలో అంశాలు, షరతులు మారినవి. కనుక ఒక సంవత్సరపు ప్రకటన చూసి మరొక సంవత్సరం దరఖాస్తు చేయరాదు. ఏ పథకమైనా ఆ ఏటి నియమావళిని మొదటి అక్షరం నుండి చివరి అక్షరం వరకు చదివి, “వర్తించదు”, “మినహా”, “కాకుండా” అన్న మాటల క్రింద ఎర్ర సిరాతో గీత గీయండి. నేను గీయలేదు.

దరఖాస్తులో ఏమి ఉండాలి?

పథకాలు వేరైనా వారు అడిగేవి సాధారణంగా అయిదు: పని యొక్క సంగ్రహం, మాదిరి రచన, కాలక్రమ ప్రణాళిక, స్వపరిచయం, సిఫారసు లేఖలు.

సంగ్రహం ఒక పుట చాలును. అందులో మొదటి వాక్యంలోనే విషయం రావలెను. నాటకం యొక్క ప్రాశస్త్యాన్ని గురించి పరిశీలకులకు మనం చెప్పనక్కరలేదు, వారికి తెలుసు. వారికి తెలియనిది మన ఊరు. ఎక్కడ, ఎవరికి, ఏమి జరుగుతున్నది, అది ఈనాడే ఎందుకు వ్రాయాలి, మీరే ఎందుకు వ్రాయాలి అనే ప్రశ్నలకు సూటిగా జవాబు ఇవ్వండి. “సమాజ హితం కొరకు”, “మానవతా విలువల పరిరక్షణకై” అనే మాటలు ప్రతి దరఖాస్తులోను ఉంటాయి. “నలభై మూడు అడుగులకు సామాను సర్దుకోవాలి” అనే మాట ఒక్కదానిలోనే ఉంటుంది.

మాదిరి రచనగా నాటకంలోని మంచి ఉపన్యాసాన్ని పంపరాదు; మంచి రంగాన్ని పంపాలి. రంగం మొదలైనప్పుడు ఉన్న స్థితి అది ముగిసేసరికి మారి ఉండాలి. నా విద్యార్థి నాటకంలో అటువంటి రంగం ఉన్నది. శిబిరంలో వ్యాపారి తన బట్టల మూట విప్పడు. తడిస్తే అప్పు తీరదని భయం. చలికి వణికే చంటిబిడ్డను చూసి వృద్ధురాలు అతనిని ఏమీ అడగదు. సంతలో అతని దగ్గర పదేళ్ల క్రితం కొన్న తన పాత చీరనే చింపడం మొదలుపెడుతుంది. ఆ చప్పుడు విని అతడు మూట విప్పుతాడు. ఇంతే రంగం. సంభాషణలు పది కూడ లేవు. “మాటలు తక్కువగా ఉన్నాయి” అని నేను దానిని వదిలి, చివరి అంకంలో పంతులు చేసే సుదీర్ఘ ప్రసంగాన్ని పంపించాను.

భాష విషయం మరీ ముఖ్యం. పాత్రలన్నీ ఒకే తెలుగు మాట్లాడితే ఆ నాటకంలో ఒకే మనిషి ఉన్నట్లు. హబీబ్ తన్వీర్ 1954లో నజీర్ అక్బరాబాదీ కవిత్వం ఆధారంగా ‘ఆగ్రా బజార్’ను జామియా మిల్లియా విద్యార్థులతోను, దగ్గరనున్న ఓఖ్లా గ్రామస్థులతోను ఆడించారు. తరువాత ఛత్తీస్‌గఢీ పల్లె కళాకారులను వారి సొంత మాటలోనే మాట్లాడించి 1975లో ‘చరణ్‌దాస్ చోర్’ను నిర్మించారు. 1982లో ఎడింబరో నాటకోత్సవంలో దానికి బహుమతి లభించింది. ఛత్తీస్‌గఢ్ మనకు దూరదేశం కాదు. చర్ల, దుమ్ముగూడెం దాటితే అదే. దక్కనీ ఉర్దూ, ఖమ్మం తెలుగు, కోయ మాట మూడూ కలిసిన సంత మన గుమ్మంలోనే ఉన్నది. దానిని పుస్తక భాషలోకి మార్చడం దిద్దుబాటు కాదు, నష్టం. అర్థం కాని మాటలకు ప్రక్కన వివరణ వ్రాస్తే చాలును.

కాలక్రమ ప్రణాళికను ఆరు నెలల భాగాలుగా వ్రాయడం మంచిది. మొదటి ఆరు నెలలు వినడం, వ్రాసుకోవడం. రెండవ ఆరు నెలలు తొలి ప్రతి. మూడవ ఆరు నెలలు ఊరివారి ముందు చదివి దిద్దుకోవడం. చివరి ఆరు నెలలు తుది ప్రతి, నివేదిక. వానకాలంలో వాగులు పొంగితే ఏ గ్రామానికి పోలేమో అది కూడ ప్రణాళికలో ఉండాలి. అట్టి చిన్న సంగతి చూసినప్పుడే వ్రాసినవాడు ఆ దారిన నిజంగా నడిచినవాడని పరిశీలకులకు నమ్మకం కలుగుతుంది.

స్వపరిచయంలో లేని గొప్పలు వద్దు. వార్షికోత్సవంలో వేసిన నాటిక, సంచికలో పడిన కథ, సంతలో గడిపిన పదేళ్లు అన్నీ అర్హతలే. సిఫారసు లేఖను పేరున్నవారి వద్ద కాక, మీ పని చదివినవారి వద్ద తీసుకోండి. గడువు తేదీకి పది రోజుల ముందే అన్నీ సిద్ధం చేసి, పంపిన ప్రతి కాగితానికి నకలు దాచుకోండి.

కథ ఎవరిది?

దరఖాస్తు పత్రంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉన్నది. మనం వ్రాయబోయే కథ ఎవరిది? మణుగూరు ప్రాంతంలోని కూనవరం గ్రామానికి చెందిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. డోలి వాయిస్తూ సమ్మక్క సారక్కల కథను, తమ తెగ పూర్వుల గాథలను పాడినవారాయన. 2024లో ఆయన మరణించారు. ఆయన వంటివారు నోటితో మోసుకువచ్చిన సాహిత్యాన్ని మనం కాగితం మీద పెట్టి పైన మన పేరు వ్రాసుకుంటే అది రచన అనిపించుకోదు. అడిగి వ్రాయాలి, వ్రాసినది వారికి చదివి వినిపించాలి, వారి పేరు వ్రాయాలి, వచ్చిన సొమ్ములో వారి కాలానికి వెల కట్టి ఇవ్వాలి. పాడరాదన్న ఘట్టం ఏదైనా ఉంటే వదిలివేయాలి. ఈ మాట ప్రతిపాదనలో ఒక పేరాగా చేరిస్తే దరఖాస్తుకు బలమే కాని లోపం కాదు.

ఆలస్యానికి కూడ తావు లేదు. 2014లో భద్రాచలం పట్టణం ఒక రాష్ట్రంలోను, దాని చుట్టుప్రక్కల పల్లెలు కొన్ని మరొక రాష్ట్రంలోను చేరినవి. పోలవరం ముంపు కారణంగా అనేక గ్రామాలు స్థలాలు మారుతున్నవి. ఊరు కదిలినప్పుడు మాట, పాట, సంత కూడ కదులుతాయి. వాటిని చూసినవారు ఉన్నప్పుడే వ్రాయవలసి ఉన్నది.

కళాశాల కమిటీ వారికి విజ్ఞప్తి

పెద్ద ఖర్చు లేని మూడు పనులను కమిటీ పెద్దల దృష్టికి సవినయంగా తెస్తున్నాను. ఒకటి, ఫెలోషిప్పుల ప్రకటనలను ఉర్దూ, తెలుగు రెండింటిలోను నోటీసు బోర్డుపై పెట్టి, నియమాలను విద్యార్థులకు చదివి వినిపించే బాధ్యత ఒక అధ్యాపకునికి అప్పగించాలి. రెండు, ఏడాదికి రెండుసార్లు విద్యార్థులు వ్రాసిన నాటకాలను సభలో గట్టిగా చదివించాలి; నాటకంలోని తప్పులు కంటికన్న చెవికే ముందు తెలుస్తాయి. మూడు, దరఖాస్తుల టైపు ఖర్చు, తపాలా ఖర్చు భరించలేని విద్యార్థికి కళాశాల నిధి నుండి ఆ కొద్ది మొత్తం ఇవ్వాలి. ఇవి ముందే ఉండి ఉంటే ఒక మంచి నాటకం ఈనాటికి బట్టల మూటల నడుమ పడి ఉండేది కాదు.

ఆ విద్యార్థికి ఈ సంవత్సరం ఇరవై అయిదు నిండుతాయి. గత నెలలో సంతకు వెళ్లి అతనిని కలిశాను. నా తప్పు ఒప్పుకుని, పాత వ్రాతప్రతి ఉన్నదా అని అడిగాను. “మీరు దిద్దినది లేదు సార్. ముందుది ఉంది” అన్నాడు. ఆ మాట నాకు తగవలసినదే. నలభై మూడు, నలభై ఎనిమిది, యాభై మూడు అనే ఆ మూడు అంకెలు మళ్లీ యథాస్థానానికి వచ్చాయి. ఈసారి నియమావళిని ఇద్దరం కలిసి ఎర్ర సిరాతో చదువుతున్నాము. ఫలితం ఎట్లా ఉన్నా దరఖాస్తు మాత్రం అతని మాటలలోనే వెళుతుంది. మన విద్యార్థులలో మరికొందరైనా తమ తమ వ్రాతప్రతులను బయటకు తీయగలరని ఆశిస్తూ ముగిస్తున్నాను.